మాత్ర ఆపితే జుట్టు మునుపటికంటే ఎక్కువగా రాలుతుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కంచిలి మండలం. వయసు 29. కణతల దగ్గర, నడినెత్తిన జుట్టు పలచబడడంతో ఎనిమిది నెలలుగా ఫినాస్టెరైడ్ వాడుతున్నాను. 5 మి.గ్రా. మాత్రను బ్లేడుతో నాలుగు ముక్కలు చేసి రోజుకొకటి వేసుకుంటున్నాను. దీనివల్ల కుదుళ్లు హార్మోన్‌కు ఇంకా సున్నితమైపోతాయని, ఆపితే ఉన్న జుట్టు కూడా ఊడిపోతుందని స్నేహితులు భయపెడుతున్నారు. మా నాన్నగారు డయాలసిస్ మీద ఉన్నారు. నా భార్యకు నాలుగో నెల. మందు మానేయమంటారా?

జవాబు: బట్టతల వచ్చేవారిలో చాలామందికి రక్తంలో మగ హార్మోన్ మామూలు స్థాయిలోనే ఉంటుంది. టెస్టోస్టిరాన్‌ను 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ డీహెచ్‌టీ అనే మరింత బలమైన హార్మోన్‌గా మారుస్తుంది; అది కుదుళ్లలో మగ హార్మోన్‌ను అందుకునే ఆండ్రోజెన్ రిసెప్టార్లకు అతుక్కుని, వంశపారంపర్యంగా దానికి లొంగే స్వభావం వచ్చిన కుదుళ్లను ఏటికేడాది కుంచింపజేస్తుంది. తల వెనుక కుదుళ్లకు ఆ స్వభావం అంతగా ఉండదు కాబట్టే జుట్టు మార్పిడికి అక్కడినుంచి తీస్తారు.

ఫినాస్టెరైడ్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుని, మాడులో డీహెచ్‌టీని సుమారు 60 శాతం తగ్గిస్తుంది. పుట్టుకతో వచ్చిన సున్నితత్వాన్ని మాత్రం అది మార్చదు. ఈ మందు వాడినవారికి ప్రొస్టేట్ (మగవారిలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) కణజాలంలో ఈ రిసెప్టార్లు పెరిగినట్టు కొన్ని పరిశోధనలు చెప్పిన మాట నిజమే. మీ స్నేహితుల భయానికి మూలం బహుశా అదే. కానీ దానివల్ల మందు మానినవారి జుట్టు, అసలు మందే వాడనివారికంటే అధ్వానమవుతుందని మాడు విషయంలో రుజువు కాలేదు. జరిగేది వేరు. మాత్ర ఆపిన రెండు వారాల్లో డీహెచ్‌టీ పాత స్థాయికి చేరుతుంది; మందు నిలబెట్టిన జుట్టు ఆ తరువాత ఏడాదిలోపు క్రమంగా పోతుంది. కొన్నేళ్లలో మెల్లగా రాలవలసినది కొద్ది నెలల్లోనే రాలడంతో మాడు చెడిపోయిందనిపిస్తుంది. జుట్టు పెరగడానికి మాడుకు రాసే మినాక్సిడిల్ పూత మొదలుపెట్టిన తొలి వారాల్లో రాలే జుట్టును చూసి కూడా కొందరు ఇలాగే బెంబేలెత్తుతారు. ఆ మందు పనిచేసేది ఈ హార్మోన్ మీద కాదు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతంలో ఏ మాత్ర పేరు విన్నా ముందు కిడ్నీలు గుర్తుకు రావడం సహజం. ఫినాస్టెరైడ్ ప్రధానంగా కాలేయంలో విచ్ఛిన్నమవుతుంది. కిడ్నీల పనితీరు తగ్గినవారికి కూడా మోతాదు మార్చనవసరం లేదు. అయినా మీ ఇంటి పరిస్థితిని బట్టి, ఈ మందుతో నిమిత్తం లేకుండా, ఏటా కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించుకోండి. వైద్యుల చీటీ లేకుండా మందుల షాపులో కొనే నొప్పి మాత్రలు, లేబుల్ లేని పసరు పొడులే మీకు ఎక్కువ ప్రమాదకరం.

నన్ను కలవరపెట్టింది ఆ బ్లేడు. ముక్కలు సమానంగా రావు, పైపొర పోయి పొడి రాలుతుంది. గర్భిణి విరిగిన మాత్రను ముట్టుకుంటే మందు చర్మం ద్వారా లోపలికి చేరి, కడుపులో ఉన్నది మగబిడ్డయితే జననాంగాల ఎదుగుదలకు హాని కలగవచ్చు. మిగిలిన ముక్కలను ఈ రోజే తీసేసి, వాటిని కోసిన చోటును మీరే తుడవండి. ఇకపై మీ వైద్యుల చీటీతో 1 మి.గ్రా. మాత్రనే కొని, విరగగొట్టకుండా వేసుకోండి.

మందు మానాలా వద్దా అన్నది మీ జుట్టు కంటే మీ ఒంటిని, మనసును బట్టి తేల్చవలసిన విషయం. కోరిక తగ్గడం, అంగస్తంభన లోపం కొద్దిమందిలో కనిపిస్తాయి. అరుదుగా మందు ఆపాక కూడా కొనసాగినట్టు నమోదైంది. ఆత్మహత్య ఆలోచనలను ఈ మందు దుష్ప్రభావంగా యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ 2025లో ధ్రువీకరించింది. దిగులు, నిరాశ కమ్ముకుంటే మాత్ర వెంటనే ఆపి వైద్యుణ్ణి కలవండి. అలాంటివేవీ లేకపోతే, ఫలితం తేల్చడానికి ఎనిమిది నెలలు చాలవు. ఏడాది పూర్తయ్యాక చర్మవ్యాధి నిపుణులకు చూపించుకుని నిర్ణయించుకోండి. ఈలోగా ఊళ్లో శిబిరం పెట్టినా రక్తదానం చేయకండి. ఆ రక్తం గర్భిణికి ఎక్కించే అవకాశం ఉంది కాబట్టి, చివరి మాత్ర వేసుకున్నాక కనీసం నెల రోజులు ఆగాలి.