సిగార్లు ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? మొదటిసారి ఎలా కాల్చాలి?

ఫ్రిజ్‌లో మాత్రం వద్దండీ, అది తేమంతా లాగేస్తే ఆకు పెళుసెక్కి పగిలిపోతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో లోపలి తేమను 65 లేదా 69 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్ వేసి, ఎండ తగలని చల్లని చోట పెట్టండి. 25 డిగ్రీలు దాటితే పొగాకు పురుగు గుడ్లు పగిలి, ఆకు మీద సూదితో గుచ్చినట్టు బెజ్జాలు పడతాయి, మన వేసవిలో ఇది నిజంగా టెన్షనే. కొనేటప్పుడు మెల్లగా నొక్కి చూడండి, కాస్త లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి.

మొదటిసారికి లేత రంగు కనెక్టికట్ ఆకు (ఘాటు తక్కువుండే పొగాకు రకం) పైన చుట్టినది తీసుకుని, భోజనం చేశాక, నిమిషానికో దమ్ము చొప్పున కాల్చండి. పొగ ఊపిరితిత్తుల్లోకి పీల్చొద్దు, పీల్చకపోయినా మన చుట్టకున్నట్టే దీనికీ నోటి క్యాన్సర్ ముప్పు ఉంది. చివర్లో నలిపి ఆర్పకండి, ట్రేలో వదిలేస్తే అదే ఆరిపోతుంది.