పట్టాల కంటే ముందు నడిచినవాళ్లు

చిరంజీవి తల్లికి,

అమెరికాను తూర్పు నుంచి పడమటి తీరానికి కలిపిన మొదటి రైలుమార్గం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒక్క గుక్కలో, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. కాలిఫోర్నియాలోని సియెర్రా కొండల్లో చైనా కూలీలు సొరంగం తొలిచిన పేజీలు చదువుతుంటే గుండె బరువెక్కింది. వాటిలో ఒక్క మాట కూడా మార్చకు.

మిగతా దాని గురించి మాత్రం మాట్లాడుకోవాలి. 1869 మే 10న యూటాలోని ప్రామంటరీ దగ్గర రెండు వైపుల నుంచి వచ్చిన పట్టాలు కలిసిన చోట బంగారు మేకు దిగడంతో మొదలుపెట్టావు. బాగుంది. కానీ దానికి ముందు పదహారేళ్ల పాటు దారి వెతికినవాళ్ల సంగతి ఒక్క వాక్యంలో ముగించావు: 'ప్రభుత్వం ఇంజినీర్లను పంపి ఆ ఖాళీ ప్రదేశాల్లో సరైన దారి కనిపెట్టించింది.' ఈ ఒక్క వాక్యం గురించే ఈ ఉత్తరం. ఇది నువ్వు తెలుసుకుని రాసింది కాదు. ఇలాంటి చోట ఇలాంటి వాక్యం ఉండాలి కదా అని చెయ్యి దానంతటది రాసేసింది. నీ వయసులో నేనూ అలాంటివి చాలా రాశాను.

1853 మార్చిలో అమెరికా కాంగ్రెస్ 1,50,000 డాలర్లు మంజూరు చేసి, మిసిసిపీ నది నుంచి పసిఫిక్ తీరం దాకా రైలుకు అన్నిటికంటే వీలైన, ఖర్చు తక్కువ పడే దారి ఏదో తేల్చమంది. పని అప్పగించింది యుద్ధశాఖ మంత్రి జెఫర్సన్ డేవిస్‌కు. ఆయనది మిసిసిపీ రాష్ట్రం. ఎనిమిదేళ్ల తర్వాత దక్షిణాది రాష్ట్రాలు విడిపోయినప్పుడు వాటికి అధ్యక్షుడైంది ఆయనే. రైలు ఎటు వెళ్తే జనం అటు వెళ్తారు, ఊళ్లు అటు పుడతాయి, ఓట్లు అటు పెరుగుతాయి. బానిసత్వం ఉండాలా పోవాలా అన్న గొడవ కూడా ఆ దారి వెంటే నడుస్తుంది. వాషింగ్టన్‌లో కూర్చున్న ప్రతివాడికీ ఇది తెలుసు. అందుకే దారి కొలిచే సర్వేదళాలు బయలుదేరకముందే ఎవరికి కావలసిన జవాబు వాళ్ల జేబులో ఉంది.

ఉత్తరాన 47, 49 అక్షాంశాల మధ్య కొలవడానికి వెళ్లిన ఐజాక్ స్టీవెన్స్ సంగతే చూడు. అప్పుడే ఏర్పడిన, ఇంకా రాష్ట్రం కాని వాషింగ్టన్ టెరిటరీకి ఆయన గవర్నర్ కూడా. తన ఇలాకాకు రైలు రావాలని కోరుకునే మనిషే ఆ దారి బాగుందో లేదో చెప్పాలి! 38వ అక్షాంశం దగ్గర జాన్ గన్నిసన్, 35 మీద ఎమియెల్ విపుల్, దక్షిణాన 32 మీద జాన్ పోప్, జాన్ పార్క్ వెళ్లారు. వాళ్లు తెచ్చిన జవాబు ఒకటి కాదు, చాలా దారుల్లో రైలు వెయ్యొచ్చని తేలింది. డేవిస్ 32వ అక్షాంశం దారే మేలన్నాడు. ఉత్తరాదివాళ్లు ఒప్పుకోలేదు. ఎవరి నివేదిక వాళ్లు పట్టుకుని కూర్చున్నారు. 1861లో దక్షిణాది సభ్యులు కాంగ్రెస్ వదిలి వెళ్లిపోయాక గానీ ఆ ముడి వీడలేదు. 1862 జులై 1న అధ్యక్షుడు లింకన్ పసిఫిక్ రైలు చట్టం మీద సంతకం పెట్టాడు. 'సరైన దారి' అని రాసేటప్పుడు ఎవరికి సరైనదో కూడా రాయాలమ్మా. లేకపోతే ఆ మాటకు అర్థం లేదు.

విపుల్ దళం లెక్కల్లో ఒక తప్పు దొర్లింది. 35వ అక్షాంశం దారికి దాదాపు 16 కోట్ల 90 లక్షల డాలర్లు అవుతుందని అంచనా వేశారు. తర్వాత సరిచూసుకుంటే 9 కోట్ల 40 లక్షలే. ఆలోగా ఆ దారి చాలా ఖరీదని పేరు పడనే పడింది. తప్పు ఎంత సులువుగా దొర్లుతుందో, దిద్దుబాటు ఎంత ఆలస్యంగా చేరుతుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. నీ వ్యాసంలో దీనికి ఒక పేరా ఇవ్వు.

అన్నిటికంటే నన్ను పట్టుకుని వదలనిది మంచు కథ. స్టీవెన్స్ కింద పనిచేసిన జార్జ్ మెక్లెలన్‌ను వాషింగ్టన్ టెరిటరీలోని కాస్కేడ్ కొండల్లో కనుమలు చూసి రమ్మన్నారు. బాగా చదువుకున్న సైనిక ఇంజినీరు. కనుమల దగ్గరదాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు. చలికాలంలో మళ్లీ పంపితే మంచు ఎక్కువగా ఉంది, దాటడం కుదరదన్నాడు. ఎంత మంచు అంటే వాళ్లూ వీళ్లూ చెప్పిన మాటే చెప్పాడు. అదే చలికాలం, 1854 జనవరిలో, ఎబియెల్ టింకమ్ అనే సివిల్ ఇంజినీరు తూర్పు వైపు నుంచి బయలుదేరి, ఆ కొండల్నే దాటి, వాటికి పడమర ఉన్న ప్యూజెట్ సౌండ్ తీరానికి చేరుకున్నాడు. దారిలో మంచు లోతు కొలుచుకుంటూ వచ్చాడు. బాగా పేరుకున్న చోట ఏడడుగులు, అదీ కొద్ది దూరమే. దాటడం కుదరదన్న మెక్లెలన్ తర్వాత అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యానికి సేనాధిపతి అయ్యాడు, అడుగు ముందుకు వెయ్యడం లేదని లింకన్ చేత పదవి పోగొట్టుకున్నాడు. టింకమ్ పేరు ఇవాళ ఎవరికీ గుర్తు లేదు. నీ వ్యాసంలో మెక్లెలన్ ఉన్నాడు, టింకమ్ లేడు. ఇది నాకు కష్టంగా అనిపించింది.

ఎందుకంటే ఈ పాఠం నేను చెరువు గట్టు మీద నేర్చుకున్నాను. ముప్ఫై ఏళ్లు రాకముందు ఒక చెరువు మీద వ్యాసం రాశాను. ఆయకట్టు ఎంత, అలుగు ఎత్తు ఎంత అన్నవి ఒక ఆఫీసు ఫైల్లోంచి ఎత్తి రాసేశాను. అచ్చయ్యాక ఆ ఊళ్లో చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరటి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కోపంగా కాదు, బాధగా. "అయ్యా, ఆ అలుగు తెగి పన్నెండేళ్లయింది. ఒక్కసారి వచ్చి చూడకపోయినవా?" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మెక్లెలన్ గురించి చదివినప్పుడు ఆ నీరటే గుర్తొచ్చాడు.

ఇక 'ఖాళీ ప్రదేశాలు'. ఈ మాట కొట్టెయ్. మెత్తబరచడం కాదు, తీసెయ్. విపుల్ దళం కొలరాడో నది దాటి మొహావీ ఎడారిలో అడుగుపెట్టినప్పుడు నీళ్లు ఎక్కడున్నాయో చూపించి తీసుకెళ్లింది మొహావీ తెగ పెద్దలు ఇరటేబా, కైరూక్. వాళ్ల తెగకు తరతరాలుగా తెలిసిన దారి అది. సర్వేదళాలు కనిపెట్టాయని పుస్తకాలు చెప్పే దారుల్లో చాలావాటి మీద అప్పటికే కాలిబాటలున్నాయి.

గన్నిసన్ చావును నువ్వు 'ఆదివాసుల దాడి'లో ఒక ముక్కగా రాశావు. అది ఎలా జరిగిందో చెబుతాను, చదివాక నువ్వే నిర్ణయించుకో. 1853 అక్టోబర్ 26, తెల్లవారుజాము. యూటాలో సెవియర్ నది పక్కన గన్నిసన్ దళంలో కొందరు విడిది చేశారు. పాహ్వాంట్ తెగవాళ్లు చుట్టుముట్టారు. గన్నిసన్‌తో కలిపి ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో బొమ్మలు గీసే రిచర్డ్ కెర్న్ ఉన్నాడు, మొక్కలు సేకరించే ఫ్రెడరిక్ క్రుట్స్‌ఫెల్ట్ ఉన్నాడు. దానికి కొన్ని వారాల ముందు, ఆ దారిన కాలిఫోర్నియా వెళ్తున్న వలసబండ్ల వాళ్లు పాహ్వాంట్ పెద్ద ఒకాయన్ని చంపేశారు. ఆయన కొడుకే ఈ దాడిలో ముందు నిలిచాడు. బండ్లవాళ్లు చేసిన దానికి సర్వేవాళ్లు బలయ్యారు. తర్వాత అదే తెగ నాయకుడు కనోష్ పూనుకుని, పోయిన పనిముట్లను, రాతపుస్తకాలను తిరిగి ఇప్పించాడు. గన్నిసన్ కొలతలు ఇవాళ మనకు దొరుకుతున్నాయంటే ఆ మనిషి వల్ల. ఆ పని ముందుకు తీసుకెళ్లిన లెఫ్టినెంట్ బెక్విత్ మరుసటి ఏడు 41వ అక్షాంశం దగ్గర దారి కొలిచాడు.

రెండు చావులనూ రాయి. ఏది ముందో, ఏది తర్వాతో ఆ వరస చెడకుండా రాయి. చాలు, నువ్వు తీర్పు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నీకు దగ్గరి మనిషి దగ్గరికి వస్తాను. నువ్వు కాలిఫోర్నియాలో ఫాల్సమ్‌లో ఉంటున్నావు. శాక్రమెంటో నుంచి మీ ఊరిదాకా 1856లో పడ్డ రైలుమార్గానికి చీఫ్ ఇంజినీరు థియొడోర్ జూడా. ఆ సర్వేల మీద సైన్యం వేసిన నివేదికలను శ్రద్ధగా చదివి, అసంతృప్తి పడ్డవాడు. నిజానికి అవి గొప్ప పుస్తకాలు, చివరికి 12 సంపుటాలయ్యాయి. పక్షులు, చేపలు, పాములు, చెట్లు, రాళ్లు, రంగుల బొమ్మలు అన్నీ ఉన్నాయి. పడమటి అమెరికా ఎలా ఉంటుందో తూర్పువాళ్లు చాలామంది చూసింది వాటిలోనే. అచ్చు ఖర్చు సర్వే ఖర్చును మించిపోయింది. కానీ జూడా 1857లో ఒక చిన్న పుస్తకం వేసి సూటిగా అడిగాడు: డబ్బు పెట్టేవాడికి మొక్కల పేర్లు ఎందుకు? మట్టి ఎంత తవ్వాలి, వంతెనలెన్ని, సొరంగాలెన్ని, ఎక్కుడు ఎంత అన్నది మైలు మైలుకూ కావాలి గానీ!

బారోమీటర్ గురించి నువ్వు అడిగావు కదా. సైన్యపు దళాలు ఎత్తులు తెలుసుకున్నది ఎక్కువగా దాంతోనే. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, గాజుగొట్టంలో పాదరసం దిగుతుంది. వాతావరణం మారినా అది ఎక్కుతుంది, దిగుతుంది. కాబట్టి ఒకసారి చూసిన అంకె నమ్మకం కాదు. కనుమ ఉజ్జాయింపుగా ఎంత ఎత్తుందో తెలియడానికి అది చాలు. రైలు కట్టడానికి చాలదు. 1862 చట్టం ప్రకారం మైలుకు 116 అడుగులకు మించి ఎక్కుడు ఉండకూడదు. దానికి కొలత గొలుసులు, మట్టం చూసే లెవెల్ పట్టుకుని అడుగడుగూ నడవాలి.

జూడాకు దారి దొరికింది మందుల దుకాణం నడిపే మనిషి వల్ల. డచ్ ఫ్లాట్ అనే గని పల్లెలో ఉండే డేనియల్ స్ట్రాంగ్ 1860లో ఆయనను పిలిచి, కొండ మీదికి తీసుకెళ్లి చూపించాడు. సియెర్రాలో మిగతా చోట్ల ఒక వరస ఎక్కి, లోయలోకి దిగి, మళ్లీ రెండో వరస ఎక్కాలి. ఇక్కడ రెండు నదుల మధ్య ఒకే పొడుగాటి కొండవెన్ను ఉంది. ఎక్కడా దిగకుండా, బండి బాట ఎక్కినట్టు, 7,000 అడుగుల దాకా పోతుంది. పైన ఉన్నది డానర్ కనుమ. 1846-47 చలికాలంలో వలసదారులు మంచులో చిక్కుకుని దాదాపు సగం మంది చనిపోయిన చోటు. జనం పేరు వింటేనే భయపడే ఆ కనుమ మీదుగానే పట్టాలు పడ్డాయి.

1861లో జూడా పూర్తి సర్వే చేశాడు. తర్వాతి సంగతి నీకు తెలుసు. శాక్రమెంటో వర్తకులు నలుగురు డబ్బు పెట్టారు, ఆయనతో తగవుపడ్డారు. కొండల్లో మైలుకు 48,000 డాలర్లు, మైదానంలో 16,000 ప్రభుత్వం అప్పుగా ఇచ్చేది. కాబట్టి కొండలు శాక్రమెంటోకు ఏడు మైళ్ల దూరంలో, ఆర్కేడ్ క్రీక్ దగ్గరే మొదలవుతాయని ఒక భూగర్భ శాస్త్రవేత్త చేత చెప్పించారు. జూడా దానికి ఒప్పుకోలేదని చెబుతారు. ఆర్కేడ్ క్రీక్ నీకు కారులో అరగంట కూడా కాదు. ఒక ఆదివారం వెళ్లి నిలబడి చూడు, కొండ ఎక్కడైనా కనిపిస్తుందేమో. ఆ పేరా అక్కడ నిలబడి వచ్చాకే రాయి.

మీరు తాహో సరస్సుకు I-80 హైవే మీద వెళ్తే ఎక్కేది దాదాపు జూడా కొండే. ఈసారి హైవే దిగి డచ్ ఫ్లాట్ వెళ్లు. ఫోన్‌లో ఎత్తు చూస్తూ వెళ్లు, పది మైళ్లకోసారి నోటుబుక్కులో రాసుకో. రాసుకుంటే చేతికి తెలుస్తుంది ఆ కొండ.

ఒక చిన్న సంగతి. వయోమింగ్‌లో షైయెన్ పడమర దారిని, తర్వాత తూర్పు వైపు పట్టాలకు చీఫ్ ఇంజినీరైన జనరల్ డాడ్జ్ 1865లో కనిపెట్టిన ఘట్టాన్ని రెండు పేజీలు రాశావు. అది ఆయన చాలా ఏళ్ల తర్వాత చెప్పుకున్న జ్ఞాపకం. చరిత్రకారుల్లో అనుమానాలున్నాయి. ఉంచుకో, కానీ 'డాడ్జ్ చెప్పుకున్న ప్రకారం' అని మొదలుపెట్టు.

మొదలు ఎక్కడ పెట్టాలో నేను చెప్పను. నీ ఇష్టం. బంగారు మేకు దగ్గరే మొదలుపెట్టాలనిపిస్తే పెట్టు. అయితే ఆ రోజు గురించి నువ్వు రాయని సంగతి ఒకటుంది. జూడా 1863లో, వర్తకుల వాటాలు కొనడానికి డబ్బు తేవాలని పనామా మీదుగా న్యూయార్క్ బయలుదేరాడు. దారిలో పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) పట్టుకుంది. నవంబర్ 2న పోయాడు. వయసు 37. భార్య ఆనా ఆయన వెంటే ఉంది. కొండల్లో సర్వే చేస్తున్నప్పుడు కూడా వెంట నడిచి, బొమ్మలు గీసి, పూలు ఆరబెట్టి దాచిన మనిషి. ఆమె ఆయనను మసాచుసెట్స్‌లోని గ్రీన్‌ఫీల్డ్‌కు తీసుకెళ్లి పాతిపెట్టింది. 1869 మే 10న దేశమంతా గంటలు మోగుతుంటే ఆమె గ్రీన్‌ఫీల్డ్‌లోనే ఉంది. ఆ రోజు ఎవరినీ కలవలేదు. అది వాళ్ల పెళ్లిరోజు. 1847లో అదే తేదీన పెళ్లయింది.

రెండో రాత పూర్తయ్యాక పంపు. తొందరేమీ లేదు. మీ ఆయన్ని అడిగానని చెప్పు.

ప్రేమతో,
బాబాయ్