రెండో తాళంచెవి

పర్లాకిమిడి

అమ్మడూ,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోను చేసింది. రాయగడ స్టేషను దగ్గర లారీ కింద పడి కాలు పోగొట్టుకున్న కుక్కను, దానికి వైద్యం చేయించిన పిల్లల దగ్గర నుంచి నువ్వు తెచ్చుకుంటున్నావట. "తన అన్నమే తాను వండుకోని పిల్ల దానికేం పెడుతుంది వదినా?" అని ఒకటే ఏడుపు. ఆమెకు ధైర్యం చెప్పాను కానీ రాత్రి నాకు కన్ను మూతపడలేదు. నాలుగు నెలల కిందట తలుపు తీయడానికి కూడా లేవలేనన్నావు. ఇప్పుడు ఇంకో ప్రాణాన్ని ఇంట్లోకి పిలుస్తున్నావు. ఎంత సంతోషంగా ఉందో, అంత భయంగానూ ఉంది.

నీకు తెలిసినవే ముందు చెప్పేస్తాను. పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించు, ఏటా మరవకు. చెవి అంచున చిన్న కోత ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ పెట్టకు. మనం మింగే నొప్పి బిళ్ళలు దానికి వేయకు. పంటి గాటు పడితే, అది ఎంత ముద్దుల కుక్క అయినా సరే, ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళు. జబ్బు లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి మనిషిని కాపాడటం దాదాపు అసాధ్యం.

వచ్చిన కొత్తలో మంచం కింద దూరి బయటికి రాకపోతే చిన్నబుచ్చుకోకు. మూడు రోజులు భయం, మూడు వారాలు అలవాటు, మూడు నెలలకు ఇది నా ఇల్లనే ధీమా అని కుక్కలను చేరదీసేవాళ్ళు చెప్పుకునే లెక్క. పట్టి లాగకు. దాని పక్కనే నేల మీద కూర్చుని నీ పుస్తకం నువ్వు చదువుకో.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి చెబుతాను.

మీ మామయ్య పోయాక నాకూ నీకొచ్చిన కుంగుబాటే వచ్చిందని మీ నాన్నకు తప్ప ఎవరికీ తెలియదు. బడి నుంచి వచ్చి చెప్పులతోనే మంచం మీద వాలిపోయేదాన్ని. బరంపురంలో డాక్టరు మాత్రలు రాశారు. వాటితో కాస్త లేచి కూర్చునే వేళకు చుక్క వచ్చింది. మహేంద్రతనయ ఏటి ఒడ్డున ఎవరో వదిలేసిన నల్ల కుక్క, నుదుట తెల్ల మచ్చ. నన్ను బతికించింది అదేనని అప్పట్లో అందరితో చెప్పేదాన్ని. దాని ఆకలికి నా దిగులుతో పని లేదు. ఐదున్నరకల్లా మూతితో దుప్పటి లాగేది. ఏటి దాకా నడవాలి, ఒంటికి ఎండ తగలాలి, దారిలో చోడి అంబలి అమ్మే ఆవిడ "ఈరోజు ఆలస్యమైందేమమ్మా?" అంటే జవాబు చెప్పాలి. రోజు మొత్తంలో ఆ ఒక్క జవాబు తప్ప నోరు విప్పని రోజులున్నాయి. కుక్క, దాన్ని పెంచుకునే మనిషి ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని 2015లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. తల్లీబిడ్డలను కలిపే హార్మోను అది. చదివినప్పుడు నాకు చుక్క కళ్ళే గుర్తొచ్చాయి.

ఇంత బాగున్నాక మాత్రలెందుకు అనుకున్నాను. డాక్టరును అడగలేదు. ఒక సోమవారం ఆ డబ్బా తీసి బీరువా పైన పడేశాను. వారంలోనే తల తిరగడం, నిద్ర లేకపోవడం మొదలయ్యాయి. ఎండ దెబ్బ అని సర్దిచెప్పుకున్నాను. రెండు నెలలకు, వానలు పట్టుకున్న వారంలో, మళ్ళీ మంచం పట్టాను. పడుకునే ముందు చుక్క వీధిలోకి పోకుండా వసారా స్తంభానికి కట్టాను. పొద్దున లేవలేదు. పగలంతా లేవలేదు. అది అరిచింది. నాకు వినిపించింది అమ్మడూ. వినిపిస్తూనే ఉంది, నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. రెండో రాత్రికి అరుపు ఆగిపోయింది. మూడో రోజు పొద్దున అంబలి ఆవిడ, మేమిద్దరం కనబడటం లేదని వెతుక్కుంటూ వచ్చి తలుపు బాదింది. వసారాలోకి వచ్చి చూస్తే తాడు మెడలోకి దిగి ఉంది, నీళ్ళ గిన్నె బోర్లా పడి ఉంది. నన్ను చూసి చుక్క లేవబోయింది. లేవలేక తోకను నేలకేసి కొట్టింది.

అది బతికింది, ఇంకో ఎనిమిదేళ్ళు నాతోనే ఉంది. మెడ చుట్టూ ఆ గీత మీద మాత్రం వెంట్రుకలు మళ్ళీ రాలేదు. రోజూ దువ్వుతూ ఆ గీతను చూసేదాన్ని.

అందుకే చెబుతున్నాను, నీ మాత్రలు నీ అంతట నువ్వు ఆపకు. అంతా బాగుందనిపించిన రోజున అసలే ఆపకు. ఏ అర్ధరాత్రో గుండె బరువెక్కితే నాకు ఫోను చెయ్యి. నాతో చెప్పుకోలేని మాటైతే 14416 ఉంది, మనసు బాగాలేనివాళ్ళకోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు, పగలూ రాత్రీ పలుకుతారు. ఇంటికి రెండో తాళంచెవి చేయించి, నీకు పండుగలకు పిఠాలు, అదే ఆ ఒడియా పిండివంటలు, పంపే పక్కింటి ఆవిడకు ఇవ్వు. "పొద్దున ఏడింటికల్లా కుక్కతో నేను కనబడకపోతే తలుపు తీసి లోపలికి రండి" అని నోరు విప్పి చెప్పు. సిగ్గయితే నేనే ఒడియాలో చెబుతాను. దాన్ని ఎప్పుడూ కట్టి పడుకోకు. నీళ్ళు రెండు చోట్ల పెట్టు. మెడకు తాడు వద్దు, ఛాతీకి వేసే పట్టీ కొను. దీపావళి రాత్రి పిల్లలు గోగుకాడలతో "దిబ్బు దిబ్బు దీపావళి" అంటుంటే మనకు ముచ్చట, ఆ వెనక పేలే బాంబులకు దానికి ప్రాణం పోతుంది. తలుపులు మూసి దగ్గరే ఉండు.

పోయిన నెల రెండుసార్లు నా ఫోను ఎత్తలేదు నువ్వు. అడిగితే "నిద్రపోయాను అత్తా" అన్నావు. ఆ రోజుల్లో మీ నాన్న ఫోను చేసినప్పుడు నేనూ ఆ మాటే చెప్పేదాన్ని. ఇంకోసారి నాకు ఆ మాట చెప్పకు తల్లీ. బాగాలేదని చెప్పు, చాలు.

ఆదివారం గుణుపూర్ బండెక్కి, అక్కడి నుంచి బస్సులో వస్తున్నాను. చుక్క దువ్వెన ఇంకా నా దగ్గరే ఉంది, తెస్తాను. నీ కుక్కకు పేరు పెట్టావా? మీ అమ్మ అడగడం మరిచిందట. తాళంచెవికి మాత్రం నేను వచ్చేదాకా ఆగకు, రేపే చేయించు.

నీ అత్త