పక్కిల్లు పడగొట్టబోతున్నారు, బెడ్ కాంక్రీటు ఎప్పుడు వేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు. పాత పెంకుటిల్లు తీసేసి అదే స్థలంలో కొత్తిల్లు కట్టుకుంటున్నాం. పిల్లర్లు, పైన స్లాబ్ అయిపోయాయి. లోపల రెండున్నర అడుగుల ఎత్తు గ్రావెల్ నింపాం, దాని మీద నాలుగంగుళాల బెడ్ కాంక్రీటు వేసి టైల్స్ వేయాలి. తూర్పు వైపు పక్కింటివాళ్లతో ఉమ్మడిగా ఉన్న పాత ఇటుక గోడ అలాగే ఉంది, అది ఉంది కదా అని మేస్త్రి ఆ పక్క ప్లింత్ బీమ్ (అడుగున పిల్లర్లను కలుపుతూ వేసే కాంక్రీటు దూలం) వేయలేదు. ఇప్పుడు పక్కవాళ్లు ఆ ఇంటిని అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేశారు. ఇరవై రోజుల్లో పడగొడతారట, తర్వాత సెల్లార్ తవ్వుతారట. మేస్త్రి ఈ గురువారమే బెడ్ వేసేద్దాం, వాళ్లు మొదలుపెట్టే నాటికి రాయిలా గట్టిపడుతుంది అంటున్నాడు. మా మరిది ఆగమంటున్నాడు. శ్రావణంలో అమ్మాయి పెళ్లి, ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ మేస్త్రి మాట కాంక్రీటు వరకు నిజమే. సరిగ్గా నీళ్లు పడితే మామూలు కాంక్రీటు ఏడు రోజులకే 28 రోజుల బలంలో సుమారు మూడింట రెండొంతులకు వస్తుంది, ఇరవై రోజులకు ఇంకా గట్టిపడుతుంది, మీరు పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటు వాడుతుంటే కాస్త నెమ్మదిగా వస్తుంది, అంతే తేడా. అదురుకి కాంక్రీటు నిజంగా భయపడాల్సింది పోసిన మొదటి రోజే. కలిపిన గంట రెండు గంటల్లో కుదిపినా పెద్ద నష్టం ఉండదు, మనమే వైబ్రేటర్ పెట్టి కుదుపుతాం కదా. అది బిగుసుకోవడం మొదలైన దగ్గర్నుంచి మర్నాటి దాకా మాత్రం పక్కన బరువైన గోడ ముక్క ధబ్బున పడితే లోపల పట్టు విడిపోతుంది, ఆ విడిపోయింది మళ్లీ అతుక్కోదు. మీకు ఇరవై రోజుల గడువుంది కాబట్టి ఆ భయం లేదు.

నా భయం కాంక్రీటు గురించి కాదు, దాని కింద ఉన్న గ్రావెల్ గురించి. మీ హాలు పన్నెండు అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు ఉందనుకుందాం, రెండున్నర అడుగుల ఎత్తున అందులో 480 ఘనపుటడుగుల గ్రావెల్ ఉంటుంది, అంటే 20 టన్నులకు పైనే. తూర్పు వైపు దాన్ని ఇన్నాళ్లూ ఆపి పట్టుకున్నది ఆ ఉమ్మడి గోడ అడుగుభాగం. రేపు ఆ గోడ పునాదితో సహా లేచిపోతే మీ గ్రావెల్‌కి ఆ పక్క అడ్డమే ఉండదు. కొంత అవతలికి జారుతుంది, కాస్త వాన పడితే ఇంకొంత జారుతుంది, పైన బెడ్ మాత్రం ఏమీ ఎరగనట్టు అలాగే నిలబడి ఉంటుంది, కింద ఖాళీ. బెడ్‌కి సాధారణంగా వేసేది సిమెంటు, ఇసుక, కంకర 1:4:8 పాళ్లలో కలిపిన కాంక్రీటు, అందులో ఇనుము ఉండదు, కింద నేల గట్టిగా ఉన్నంతసేపే అది నిలుస్తుంది. ఇరవై రోజులు కాదు, ఇరవై ఏళ్లు గట్టిపడినా గాలిలో వేలాడలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక దుకాణం గదికి ఇలాగే జరిగింది. పక్క గోడ తీసిన రోజు ఒక్క పగులు కూడా రాలేదు, అందరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. మూడు నెలలకు గోడ వారగా టైల్స్ మీద కర్రతో కొడితే గుల్ల శబ్దం, ఆ వర్షాకాలంలోనే అక్కడ అంగుళానికి పైగా దిగిపోయింది. మొత్తం తవ్వి మళ్లీ వేశాం. అప్పటి నుంచి పక్కన కూల్చివేత ఉందని ఎవరు చెప్పినా ఎన్ని రోజుల వ్యవధి ఉందని అడగడం మానేశాను, ఆ గోడ పోయాక మీ నింపుడు మట్టిని ఏది ఆపుతుంది అని అడుగుతున్నాను.

మీకు ఇంకో చిక్కు ఉంది, సెల్లార్. పది అడుగుల లోతు తవ్వితే ఆ అంచు నుంచి దాదాపు అంతే దూరం వరకు మీ వైపు నేల కదిలే అవకాశం ఉంటుందని లెక్కవేసుకోవాలి, వదులు మట్టి అయితే మరీను. మీ చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడి, అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది, గోతి అంచున అది ఎండుతూ తడుస్తూ ఉంటే పైన ఉన్న దేన్నీ నిలకడగా ఉండనివ్వదు. అందుకే తూర్పు వారనున్న గదులకు పడగొట్టడం అయిపోతే చాలదు, వాళ్లు సెల్లార్ గోడ కట్టి, ఆ గోడకీ మీ హద్దుకీ మధ్య ఖాళీని పొరలు పొరలుగా నింపి దిమ్మిస కొట్టేదాకా బెడ్ వేయొద్దు.

ఇక గురువారం. ముహూర్తం పెట్టుకున్నారు, మనుషులు దొరికారు, వాళ్లని వదులుకుంటే మళ్లీ ఎప్పుడొస్తారో. కాబట్టి పని ఆపొద్దు, పడమటి వైపు ఉన్న వంటిల్లు, పడకగది, ఆ వైపు మిగతావన్నీ గురువారమే వేసేయండి, అవి గోతికి దూరంగా ఉన్నాయి, మూడు వైపులా మీ ప్లింత్ బీమ్‌లే వాటిని పట్టుకుని ఉన్నాయి. హాలు, తూర్పు గది వదిలేయండి. ఆపేచోట గుమ్మం కింద చెక్క అడ్డం పెట్టి అంచు నిటారుగా రానివ్వండి, ఏటవాలుగా పలచబడేలా వదిలేస్తే తర్వాత అతికిన చోట అంచులు విరుగుతాయి.

ఈలోగా మేస్త్రి చేయాల్సిన అసలు పని తూర్పు పక్క ప్లింత్ బీమ్. ఉమ్మడి గోడను ఆనుకుని, మీ స్థలంలోనే, పిల్లర్ నుంచి పిల్లర్‌కి బీమ్ వేయించి, దాని కింద నేల వరకు మీ సొంత గోడ కట్టించండి, దానికి కొంత గ్రావెల్ వెనక్కి తోడాల్సి వస్తుంది, తోడండి. ఇప్పటికే వేసిన పిల్లర్‌కి కొత్త బీమ్ ఇనుము ఎలా కలపాలి, అడుగు గోడ ఎంత లోతు నుంచి రావాలి అనేది మీ ఇంజినీరు స్వయంగా వచ్చి చూసి చెప్పాలి, మేస్త్రి అంచనాకి వదలొద్దు. పక్కవాళ్లు పడగొట్టే రోజుకి ఈ బీమ్ కనీసం ఏడెనిమిది రోజుల వయసుదై ఉండాలి, రోజూ నీళ్లు పట్టించి ఉండాలి. ఇరవై రోజుల్లో ఇది అవుతుంది.

హాల్లో గ్రావెల్‌ని ఊరికే వదిలేయకండి. ఆరంగుళాల పొరలుగా వేసి తడిపి దిమ్మిస కొట్టారో లేదో మీరు రాయలేదు, ఒకేసారి ట్రాక్టర్లు దింపేసి ఉంటే అది ఇంకా కుంగాల్సి ఉంది. రెండు మూడు రోజులకోసారి బాగా తడపండి. పక్కన బ్రేకర్ (గోడలు పగలగొట్టే యంత్రం) అదురుకి అది ఎంత కుంగాలో ఇప్పుడే కుంగిపోతుంది, బెడ్ వేయకముందే. ఆగడం వల్ల మీకు కలిసొచ్చేది ఇది, కూల్చివేత అయ్యాక మళ్లీ లెవెల్ చూసుకుని తగ్గిన చోట నింపుకుంటారు.

పెళ్లికి సెల్లార్ పూర్తి కాకపోతే? హాల్లో గ్రావెల్ మీద రెండంగుళాల ఇసుక పరిచి నాపరాళ్లు సిమెంటు లేకుండా పేర్పించండి, మాచర్ల రాయి అయినా బేతంచెర్ల రాయి అయినా సరే. పీటలు వేసుకోవచ్చు, బంధువులు తిరగొచ్చు. తర్వాత అవే రాళ్లు తీసి పెరట్లోనో దారిలోనో వాడుకుంటారు.

పక్క బిల్డర్‌తో ఈ వారమే మాట్లాడండి. ఉమ్మడి గోడ వరకు యంత్రం పెట్టొద్దని, పై నుంచి కిందికి సుత్తీ ఉలితో చేత్తో తీయించమని అడగండి. కట్టిన వరసకు ఎదురు వరసలో పై నుంచి తీసుకురావడమే పద్ధతి, కూల్చివేతల భద్రతకు ఐఎస్ 4130 అని 1991 నాటి భారత ప్రమాణమే ఉంది. ఇదంతా కాగితం మీద రాయించుకోండి, పొరుగువాళ్లతో కాగితాలేంటని మొహమాటపడొద్దు, రేపు గొడవ రాకుండా ఉండేది దాని వల్లే. మొదలుపెట్టే ముందు మీ గోడలు, పిల్లర్లు, స్లాబ్ అడుగు అన్నీ తేదీ పడేలా ఫొటోలు తీసుకోండి.

గురువారం వేసే బెడ్ మీద కొన్ని గంటల్లోనే సన్నటి, లోతులేని పగుళ్లు కనిపిస్తే అవి ఎండ వల్ల తేమ ఆరిపోయి వచ్చినవి, పక్కవాళ్ల తప్పు కాదు. తడి గోనె సంచులు కప్పి పది రోజులు నీళ్లు పట్టండి. తర్వాతెప్పుడైనా పగులుకి ఒక పక్క దిగి, రెండో పక్క పైకి ఉంటే అది నేల కదలిక, వెంటనే ఇంజినీరుని పిలవండి.

ప్రశ్న: మాది వరంగల్. మా మొదటి అంతస్తు స్లాబ్ పోసి నాలుగు రోజులైంది. రేపటి నుంచి వెనకింటిని బ్రేకర్‌తో పడగొడతారట. మేం సెంట్రింగ్ (స్లాబ్ కింద ఆధారంగా పెట్టిన పలకలు, కర్రలు) త్వరగా విప్పేస్తే మంచిదా?

జవాబు: వద్దు, అస్సలు విప్పొద్దు. ఇప్పుడు ఆ స్లాబ్‌ని కాపాడుతున్నది సెంట్రింగే. కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు స్లాబ్‌కి కనీసం ఏడు రోజులు, అంతకు మించితే పద్నాలుగు రోజులు కింద ఆధారాలు ఉండాలి, ఆరు మీటర్ల లోపు బీమ్‌లకి కూడా పద్నాలుగే. అవి మామూలు సిమెంటుకి కనీస రోజులు, పీపీసీ అయితే ఇంకా ఆగాలి. మీ పరిస్థితిలో పక్క పని పూర్తయ్యేదాకా ఉంచేయండి, సెంట్రింగ్ అద్దె ఇంకో వారం పడితే పడనివ్వండి. వీలైతే వాళ్లని మూడు నాలుగు రోజులు మీ వైపు గోడ వదిలి అవతలి చివర నుంచి మొదలుపెట్టమనండి, చాలామంది ఒప్పుకుంటారు.

చాలామంది మర్చిపోయేది ఒకటుంది. కర్రల కింద కొట్టిన చెక్క ముక్కలు అదురుకి మెల్లగా వదులవుతాయి, జాకీల మరలు కూడా అంతే. రోజూ సాయంత్రం వాళ్ల పని ఆగాక సెంట్రింగ్ మనిషి ఒక్కో కర్రనీ చేత్తో కదిపి చూసి, వదులైన చోట ముక్కని మళ్లీ బిగించాలి. గట్టిగా బాది స్లాబ్‌ని పైకి ఎత్తకూడదు, ఆనితే చాలు. ఆ మనిషికి ఈ పది రోజుల కూలీ విడిగా మాట్లాడుకోండి, లేకపోతే రెండో రోజు నుంచి రాడు.