డేటా సందేహాలు: తెల్లవారుజామున ఆగిపోయే రిఫ్రెష్

ప్రశ్న: మా అమ్మకాల వివరాలతో ట్యాబ్లో (డేటాను రిపోర్టులుగా చూపే సాఫ్ట్‌వేర్) డెస్క్‌టాప్‌లో ఎక్స్‌ట్రాక్ట్, అంటే డేటా నకలు, తయారుచేసి ట్యాబ్లో సర్వర్‌లో పబ్లిష్ చేశాను. అప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. కానీ రోజూ తెల్లవారుజామున 4 గంటలకు పెట్టిన రిఫ్రెష్ (ఆ నకలును తాజా చేసే పని) మాత్రం విఫలమవుతోంది. వారం తిరిగేసరికి ఆ షెడ్యూలే నిలిచిపోయింది. డేటాలో కొంత ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ నుంచి, కొంత జెడ్ డ్రైవులోని ఎక్సెల్ ఫైలు నుంచి వస్తుంది. లోపం ఎక్కడుంది?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ ఉత్తరంలో జెడ్ డ్రైవు అన్న మాట దగ్గరే నా చూపు ఆగింది. మీరు పబ్లిష్ నొక్కినప్పుడు ఎక్స్‌ట్రాక్ట్ మీ కంప్యూటర్‌లోనే, మీ లాగిన్‌తోనే తయారై, పూర్తయిన ఫైలుగా సర్వర్‌కు చేరుతుంది. కనుక పబ్లిష్ సాఫీగా జరిగినంత మాత్రాన మూల డేటా సర్వర్‌కు అందుతోందని అనుకోవడానికి వీల్లేదు. తెల్లవారుజామున సర్వర్‌లోని బ్యాక్‌గ్రౌండర్ అనే ప్రక్రియ, రన్ యాజ్ ఖాతా (సర్వర్ తన పనులకు వాడే ఖాతా) పేరుతో, ఆ మూలాన్ని తనంతట తానే వెతుక్కోవాలి. జెడ్ అన్నది మీ లాగిన్ ఆ ఫోల్డర్‌కు పెట్టుకున్న ముద్దుపేరు వంటిది. ఇంట్లోవాళ్లకే తెలిసిన ఆ పేరుతో వాకబు చేస్తే పొరుగూరివారికి ఇల్లు దొరకదు.

కాబట్టి డెస్క్‌టాప్‌లో ఆ ఎక్సెల్‌ను పూర్తి నెట్‌వర్క్ చిరునామాతో, అంటే రెండు వెనుక గీతలు (\\), ఫైల్ సర్వర్ పేరు, షేర్డ్ ఫోల్డర్ పేరు వరుసగా ఉండేలా, తిరిగి కలపండి. ఆ ఫోల్డర్‌ను చదివే అనుమతి రన్ యాజ్ ఖాతాకు ఇవ్వమని అడ్మిన్‌ను అడగండి. (ఇది విండోస్ సర్వర్ సంగతి, లినక్స్ అయితే ఆ షేర్‌ను ముందుగా అక్కడ మౌంట్ చేయించాలి.) మళ్లీ పబ్లిష్ చేసేటప్పుడు బయటి ఫైళ్లను చేర్చే పెట్టెలో టిక్ తీసేయడం మరవకండి. అది ఉంటే ఆనాటి ఎక్సెల్ నకలు సర్వర్‌లో ఉండిపోతుంది; ఆ తర్వాత మీరు ఎన్ని వరుసలు చేర్చినా రిపోర్టులోకి రావు.

డేటాబేస్ విషయంలో పాస్‌వర్డును కనెక్షన్‌లోనే పొందుపరచాలి. వాడేవారిని అడిగేలా ఉంచితే, నాలుగు గంటలకు దాన్ని టైపు చేసేవారెవరూ ఉండరు. విండోస్ లాగిన్‌తో కలుస్తున్నట్లయితే డేటాబేస్‌లో కూడా రన్ యాజ్ ఖాతాకే అనుమతి కావాలి.

షెడ్యూలు ఆగిపోవడం వేరే జబ్బు కాదు. వరుసగా 5 సార్లు విఫలమైన రిఫ్రెష్‌ను సర్వర్ నిలిపివేస్తుంది. అది డిఫాల్ట్ ఏర్పాటు. పై మార్పులు చేశాక పట్టపగలే ఒకసారి చేత్తో రిఫ్రెష్ నడిపి, గట్టెక్కిందని చూసుకున్నాకే షెడ్యూలును తిరిగి మొదలుపెట్టించండి. ఒకవేళ మళ్లీ విఫలమైతే, ఎంతసేపు నడిచి ఆగిందో గమనించండి. కొన్ని సెకన్లలోనే ఆగితే ఫైలు చిరునామాలోనో పాస్‌వర్డులోనో తప్పుందని ముందుగా అనుమానించాలి. సరిగ్గా 2 గంటలు నడిచి ఆగితే 7200 సెకన్ల డిఫాల్ట్ గడువు దాటిందన్నమాట.

ప్రశ్న: మా డేటాబేస్ నుంచి తీసిన ఎక్స్‌ట్రాక్ట్ చాలా పెద్దది. ఇంటి నుంచి పబ్లిష్ చేస్తుంటే ప్రతిసారీ మధ్యలో తెగిపోతోంది.
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అంత బరువును మీ ఇంటి నెట్ మీదుగా మోయించకండి. వాడని ఫీల్డులను దాచిన తర్వాత, ప్రస్తుత సమయాన్ని ఇచ్చే నౌ ఫంక్షన్‌తో, ఈ రోజు తేదీ వేసి, సాయంత్రం 6 దాటిందా అని అడిగే ఒక లెక్క రాసి, దాన్ని ఎక్స్‌ట్రాక్ట్ ఫిల్టర్‌గా పెట్టి, ఫాల్స్ (కాదు) విలువను మినహాయించండి. ఆరు లోపు తీసిన ఎక్స్‌ట్రాక్ట్‌లో ఒక్క వరుసా ఉండదు కనుక పబ్లిష్ క్షణాల్లో అయిపోతుంది. ఆరు దాటాక సర్వర్‌లో రిఫ్రెష్ నడిపితే మొత్తం డేటా డేటాబేస్ నుంచి నేరుగా అక్కడికే చేరుతుంది. ఆ సమయాన్ని లెక్కించేది డేటాబేస్ గడియారం కాబట్టి, అది ఏ దేశపు సమయంలో నడుస్తోందో ముందే చూసుకోండి.