మార్పును చెప్పే ఇంగ్లీషు మాటలు: మనవరాలికి లేఖ

అమలాపురం

చిరంజీవి మనవరాలికి మామ్మ ఆశీస్సులతో వ్రాయునది.

విదేశీ చదువుకు వ్రాసే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం, మార్పుకు సంబంధించిన ఇంగ్లీషు పదాలను, జాతీయాలను పట్టికగా వ్రాసుకొని బట్టీ పడుతున్నానని నీవు పంపిన ఉత్తరం చదివాను. నీ శ్రద్ధకు ఎంతో సంతోషించాను గాని, ఆ పట్టిక పద్ధతి నాకు నచ్చలేదు. హైస్కూలులో ఇంగ్లీషు చెప్పినన్నాళ్లూ నేను గమనించినదేమిటంటే, పిల్లలకు పదం గుర్తుండకపోవడం పెద్ద చిక్కు కాదు. ఆ పదం ఏ రకమైన మార్పుకు సరిపోతుందో తెలియకపోవడమే అసలు చిక్కు. ఇల్లు మారినా, బస్సు మారినా, మనసు మారినా, పొలం చెరువుగా మారినా మనకు ఒకటే క్రియ చాలుతుంది. ఇంగ్లీషువారు ఇల్లు మారితే ‘మూవ్ హౌస్’ అంటారు. బస్సు మారితే ‘చేంజ్ బసెస్’ అని బహువచనం వాడతారు. నిర్ణయం మారితే ‘చేంజ్ యువర్ మైండ్’ అనీ, మనసులోని భావమే మెత్తబడితే ‘ఎ చేంజ్ ఆఫ్ హార్ట్’ అనీ వేరు చేస్తారు.

కాబట్టి పదాన్ని వెతికే ముందు మార్పును పరిశీలించు. అది తనంతట తాను జరిగిందా, ఎవరైనా చేశారా, ఒక్కసారిగా వచ్చిందా, క్రమంగా వచ్చిందా, పూర్తిగా మారిందా, కొంతే మారిందా అని నిన్ను నీవు ప్రశ్నించుకో. భీమవరం వైపు వరిపొలాలను చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా తవ్వించడం నీవు చిన్ననాటి నుంచి చూస్తున్నదే. రైతు తానే మార్చాడు గనుక ‘ఫార్మర్స్ కన్వర్టెడ్ దెయిర్ ఫీల్డ్స్ ఇంటు పాండ్స్’ అనాలి. సాగు పద్ధతి గురించి చెప్పేటప్పుడు ‘దే షిఫ్టెడ్ ఫ్రమ్ పాడీ టు ఆక్వాకల్చర్’ అనవచ్చు. చేసినవారిని పక్కన పెట్టి ఆ ప్రాంతం తీరునే చెప్పదలచుకుంటే ‘పాడీ ఫీల్డ్స్ గేవ్ వే టు పాండ్స్’ అనడం అందంగా ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చివరి ‘టు’ తీసివేసి ‘ది బండ్ గేవ్ వే’ అన్నావంటే గట్టు తెగి గండి పడిందని అర్థం. ఇటువంటి చిన్న మాటలే అర్థాన్ని తిప్పివేస్తాయి గనుక, క్రియను ఎన్నడూ ఒంటరిగా నేర్చుకోవద్దు. దాని వెనుక వచ్చే ‘టు’, ‘ఇంటు’, ‘బై’, ‘విత్’లతో కలిపి, పూర్తి వాక్యంగా నేర్చుకో.

గ్రాఫు చూసి వ్రాయవలసిన ప్రశ్నలో ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ‘బై’, ‘టు’ల వద్దనే. ధవళేశ్వరం వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు చేరితే రెండవది, 17.75 అడుగులకు చేరితే మూడవది జారీ చేస్తారని వరదల కాలంలో ప్రతి ఇంటా వింటూనే ఉంటాము. మొదటి హెచ్చరిక నుంచి రెండవ దానికి చేరినప్పుడు నీరు ‘రోజ్ బై 2 ఫీట్’, అంటే రెండడుగుల మేర పెరిగింది. ‘రోజ్ టు 13.75 ఫీట్’, అంటే అంతకు చేరింది. ఈ రెండూ తారుమారైతే మన జిల్లాలో ప్రాణాల మీదికి వస్తుంది, పరీక్షలో మార్కు పోతుంది.

విశేషణాల ముందు ప్రతిచోటా ‘బికమ్’ వాడడం మనవారికి అలవాటు. అది తప్పు కాదు గాని, వాక్యం చప్పగా ఉంటుంది. చెడు వైపు సాగే మార్పుకు ఇంగ్లీషువారు తరచుగా ‘గో’ వాడతారు: చేప పాడైతే ‘గో బ్యాడ్’, దివాలా తీస్తే ‘గో బ్యాంక్‌రప్ట్’, చూపు పోతే ‘గో బ్లైండ్’. కల నిజమైతే మాత్రం ‘కమ్ ట్రూ’. సార్వా చేను పండి రంగు తిరిగితే ‘టర్న్’, మనిషి వయసు మీరితే ‘గ్రో ఓల్డ్’. ‘రీప్లేస్’, ‘సబ్‌స్టిట్యూట్’ అనే జంటలో వరుస తిరగబడుతుంది: ‘రీప్లేస్ ది ఓల్డ్ విత్ ది న్యూ’, కాని ‘సబ్‌స్టిట్యూట్ ది న్యూ ఫర్ ది ఓల్డ్’. రాజమహేంద్రవరంలో 1900 నుంచి రైళ్లను మోసిన హేవ్‌లాక్ వంతెన 1997లో విశ్రమించి, దాని స్థానంలోకి కొత్త వంతెన వచ్చిన సంగతిని ఈ రెండు విధాలా వ్రాసి చూడు.

నీకు తప్పక అవసరమయ్యేది ‘యూజ్డ్ టు’. పంటు పడవ మీద గోదావరి దాటేవాళ్లం, ఇప్పుడు దాటడం లేదు అంటే ‘వీ యూజ్డ్ టు క్రాస్’. దాటడం అలవాటే అంటే ‘వీ ఆర్ యూజ్డ్ టు క్రాసింగ్’. అలవాటు పడుతున్నాము అంటే ‘వీ ఆర్ గెట్టింగ్ యూజ్డ్ టు క్రాసింగ్’. రేపు నీవు చలిదేశంలో చదువుకొనే రోజు వస్తే, మొదటి నెలల్లో నీకు పనికివచ్చేది ఈ మూడవ వాక్యమే.

ఇక జాతీయాలు. ‘టర్న్ ఓవర్ ఎ న్యూ లీఫ్’లో లీఫ్ చెట్టు ఆకు కాదు, పుస్తకంలోని పుట, నడవడి సరిదిద్దుకున్నవారి గురించే ఆ మాట వాడాలి గాని, కొత్త ఉద్యోగంలో చేరినవారి గురించి వాడకూడదు. ‘సీ చేంజ్’ షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’ నాటకంలోని పాట నుంచి వచ్చింది. సముద్రగర్భంలో ఎముకలు పగడాలుగా, కళ్లు ముత్యాలుగా మారడం అక్కడి వర్ణన. అంతటి సంపూర్ణమైన మార్పుకే అది తగును. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట మన డెల్టా సేద్యంలో తెచ్చింది సీ చేంజ్. 2022 ఏప్రిల్ 4న మన అమలాపురం కొత్త జిల్లాకు కేంద్రం కావడం ఆ కోవలోకి రాదు. దానికి పత్రికలు వాడే ‘కార్వ్‌డ్ అవుట్ ఆఫ్ ఈస్ట్ గోదావరి’, అంటే తూర్పు గోదావరి నుంచి విడదీసినది అన్నదే సరైన మాట.

తెలుగు సామెతతో జత కుదిరితే జాతీయం త్వరగా పట్టుబడుతుంది, కాని జతను పరీక్షించి చూడాలి. ‘ఎ లెపర్డ్ కాంట్ చేంజ్ ఇట్స్ స్పాట్స్’ అన్నదానికి మన ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ చక్కగా సరిపోతుంది. ‘చేంజ్ హార్సెస్ ఇన్ మిడ్‌స్ట్రీమ్’లోనూ ఏరు దాటడం ఉన్నదని, దానిని మన ఓడ మల్లయ్య సామెతతో జత చేయవద్దు. మన సామెత కృతఘ్నతను గురించినది. అమెరికా అధ్యక్షుడు లింకన్ 1864లో తన రెండవ ఎన్నిక వేళ ప్రచారంలోకి తెచ్చిన ఆ ఇంగ్లీషు మాట, పని నడుమ నాయకుణ్ణి గాని పద్ధతిని గాని మార్చవద్దని చెబుతుంది.

వ్యాసంలో జాతీయాలను దాదాపుగా మానివేసి, ‘షిఫ్ట్’, ‘డిక్లైన్’, ‘ఫేజ్ అవుట్’ వంటి మాటలతో వ్రాయి. సంభాషణ పరీక్షలో మీ ఊరు ఎలా మారిందని అడిగితే, సహజంగా నోటికి వచ్చిన ఒకటి రెండు జాతీయాలు చాలు.

ఈ ఉత్తరం అందగానే ఆ పట్టికను పక్కన పెట్టి, మన ఊరిలో నీవు కళ్లారా చూసిన మార్పుల గురించి ఒక పుట ఇంగ్లీషులో వ్రాసి పంపు. ప్రతి క్రియ కింద గీత గీసి, అదే ఎందుకు ఎంచుకున్నావో పక్కన తెలుగులో ఒక ముక్క వ్రాయి. దాళ్వా కోతలు మొదలయ్యేలోగా పంపితే, నేను తీరికగా దిద్ది తిరిగి పంపుతాను.

ఇట్లు,
మామ్మ