చెయ్యి నేమ్‌ప్లేట్ చదవదు

చిరంజీవి శ్రావ్యకు, బాబాయి ఆశీస్సులు.

జీడిమెట్లలో హైడ్రాలిక్ ప్రెస్సుకి, అదే నూనె ఒత్తిడితో నొక్కే మిషన్‌కి, బటన్లుండే ప్యానెల్ డిజైన్ నీకే అప్పగించారట. మీ అమ్మ వాట్సాప్‌లో డ్రాయింగ్ కూడా పంపింది. గర్వంగా ఉంది, గుండె దడగానూ ఉంది. ప్రెస్సు కింద ఉండేవి వేళ్ళు తల్లీ.

ఎర్తింగ్, వైర్ల చివర తొడిగే ఫెరూల్ నంబర్లు నీకు తెలిసినవే. ఎమర్జెన్సీ స్టాప్‌ని విడిపించినంత మాత్రాన మిషన్ మళ్ళీ కదలకూడదు, అంతే.

కానీ డ్రాయింగ్‌లో ఆ ఎనిమిది బటన్లూ ఒకే సైజులో, ఒకే వరసలో ఏమిటి? అందానికా? రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 బాంబర్లు క్షేమంగా దిగాక రన్‌వే మీదే పొట్ట ఆన్చి కూలబడేవి. పైలట్లు రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాప్స్ ఎత్తబోయి చక్రాలు ముడిచేసేవారు. రెండు స్విచ్‌లూ పక్కపక్కనే, పట్టుకి ఒకేలా ఉండేవి. పైలట్ల అజాగ్రత్త అనేసి ఊరుకున్నారు. 1943లో అల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వవేత్త చక్రాల స్విచ్‌కి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ స్విచ్‌కి ఏటవాలు ముక్క తగిలించమన్నాడు. ఎక్కడుంది, ఎటు కదులుతుంది, తాకితే ఎలా ఉంటుంది, ఏం జరుగుతుంది: మెదడు ఒక పనిని ఈ గుర్తులతోనే దాచుకుంటుంది. రెండు పనులకి మొదటి మూడూ ఒకేలా ఉండి కలిసిపోతే, తొందరలో ఏది పైకొస్తుందో దేవుడికే తెలియాలి.

మన ఇంట్లో గోడ స్విచ్ కిందికి నొక్కితే ఆన్, లోడెక్కువైతే పడిపోయే ఎంసీబీ స్విచ్ పైకెత్తితే ఆన్. ఎవరూ తడబడరు, ఆకారమే అలవాటుని లేపుతుంది కనక. ప్యానెల్ మీద పైకీ కిందికీ కదిపే మామూలు టాగుల్ స్విచ్ పెట్టావో, ఏ అలవాటు లేస్తుందో చెప్పలేం. తిప్పే స్విచ్, అదే రోటరీ సెలెక్టర్ వాడు. ర్యామ్‌ని, అంటే దిగి నొక్కే భాగాన్ని, పైకి, కిందికి కదిపే బటన్లు ఒకదాని మీద ఒకటి ఉండాలి, పక్కపక్కన కాదు.

అన్నిటికన్నా నాకు భయం ఆ రెండు గుండ్రటి నాబ్‌లు. వేగం మార్చే స్పీడ్ పొటెన్షియోమీటర్ కుడికి తిప్పితే వేగం పెరుగుతుంది. పైపులో నూనె పారే దారిని మూసే, తెరిచే నీడిల్ వాల్వ్ కుడికి తిప్పితే మూసుకుని వేగం తగ్గుతుంది. మణికట్టు తిప్పడం ఒకటే, ఫలితం మాత్రం తలకిందులు! వాల్వ్‌కి ఇంగ్లీషు T ఆకారపు హ్యాండిల్ వేసి, ప్యానెల్ నుంచి తీసి పైపు దగ్గరే ఉంచు.

వేళ్ళు ప్రెస్సు కింద ఉండకుండా రెండు చేతులతో ఒకేసారి నొక్కే బటన్లు మాత్రం అచ్చం ఒకేలా ఉండనీ, అక్కడ రెండు చేతులదీ ఒకే పని. మధ్య ఎడం 260 మి.మీ.కి తగ్గితే ఒక్క చేత్తోనే రెండూ నొక్కేస్తారు. మోచేయి వాడేవాళ్ళూ ఉంటారు, అడ్డు కట్టు.

వేళకి తిను. ట్రూప్ బజార్‌కి వెళ్ళేటప్పుడు ఆపరేటర్ తొడుక్కునే గ్లవ్స్ పట్టుకెళ్ళు. అవి తొడుక్కుని, కళ్ళు మూసుకుని ప్రతి నాబ్‌నీ పట్టి చూశాకే కొను.

మీ బాబాయి